వాల్రస్ నామచరిత్రము

ఉత్తరధ్రువమునకు చేరువనున్న సముద్రములలో, మంచుపలకలపై విశ్రమించు కోఱల జంతువును ఆంగ్లేయులు వాల్రస్ అందురు. ఈ మాట వారి సొంతము కాదు; 17వ శతాబ్దమున డచ్చివారినుండి గైకొన్నది. డచ్చిలో ‘వాల్’ తిమింగిలము, ‘రోస్’ గుఱ్ఱము. కావున ‘తిమింగిలాశ్వము’ అని యర్థము చెప్పి పెక్కురు తృప్తి నొందుదురు. మేమును కొంతకాల మట్లే తృప్తి నొందితిమి.

అయితే ఈ జంతువు పేరు అంతకు ఏడువందల యేండ్లకు ముందే ఇంగ్లండులో వినబడినది. 871 మొదలు 899 వఱకు ఏలిన ఆల్‌ఫ్రెడ్ రాజు కొలువునకు ఓత్తెరె అను నార్వే నావికుడు వచ్చెను. తన నివాసము నార్వేజనులందఱికంటెను ఉత్తరమున నున్నదనియు, అచ్చటనుండి ఇంకను ఉత్తరమునకేగి, తీరము తూర్పునకు తిరిగినంత తానును తిరిగి ఓడ నడపితిననియు నతడు చెప్పెను. పోయినది ముఖ్యముగా ‘హోర్స్‌హ్వాల్’ కొఱకట. దాని దంతములు మేలైన యెముక. కొన్నింటిని రాజునకు కానుకగా తెచ్చెను. తోలు ఓడత్రాళ్లకు పనికివచ్చును. ఇతర తిమింగిలములకంటె మిక్కిలి చిన్నది, ఏడు మూరలకు మించదు. రాజుగారి కాలమున ఆంగ్లమునకు తెనిగింపబడిన – కాదు, ఆంగ్లీకరింపబడిన – ఒరోసియసు చరిత్రలో ఈ వృత్తాంతమును చేర్చిరి. బేరగాడు చెప్పిన మాట గనుకనే కాబోలు, ఇందు వింతలకంటె సరకుల లెక్కయే హెచ్చు.

ఓత్తెరె పేరు ‘అశ్వతిమింగిలము’, డచ్చివారిది ‘తిమింగిలాశ్వము’. రాజపురుషుడు వేఱు, పురుషరాజు వేఱు అని మన బాలురును ఎఱుగుదురు. జర్మానిక్ సమాసములందును సామాన్యముగా ఉత్తరపదమే ప్రధానము. మొదటి పేరున ఆ ప్రాణి తిమింగిలజాతి. రెండవ పేరున గుఱ్ఱపుజాతి. నిజమునకు రెండును గాదు, సీలు చుట్టము.

పదములేల తాఱుమాఱాయెను? తిమింగిలమునకు డచ్చిలో ‘వాల్‌విస్’ అను పేరుండుటచే, ఆ పోలికను పూర్వపదము ముందునకు వచ్చెనందురు. చిక్కు అంతటితో తీఱదు. ప్రాచీన నార్సుభాషలో ‘హ్రోస్‌హ్వాల్ర్’ ఒకానొక తిమింగిలము. వాల్రసునకు ‘రోస్మ్‌హ్వాల్ర్’ అని వేఱొక మాట కలదు. ఇందలి ‘రోస్మ్’ గుఱ్ఱము కాదు. ధ్వనిసామ్యముచే రెండును కలిసిపోయినట్లున్నది. మన పండితులు కొందఱు చెవికింపైనంతనే వ్యుత్పత్తి కుదిరినదని చెప్పుట మాకీ సందర్భమున స్ఫురించుచున్నది.

1919-20లో ఆక్స్‌ఫర్డు నిఘంటు కార్యాలయమున ఈ పదము ఒక యువకుని పాలబడెను. అతడే తరువాత కథకుడుగా ప్రసిద్ధికెక్కిన టోల్కీను. వ్యుత్పత్తిని వ్రాసి, కొట్టివేసి, మరల పలుమాఱులు వ్రాసెను. ఆ చీట్లు కొన్ని నేటికిని భద్రముగా నున్నవి.