పల్నాటి గృహజీవనమున పిల్లి : ఒక సామాజిక చరిత్ర పరిశీలనము

పల్నాటి చరిత్ర యనగనే మనకు ముందుగా స్ఫురించునది కోడి. బ్రహ్మనాయుని పక్షమునకును, నాయకురాలు నాగమ్మ పక్షమునకును జరిగిన కోడిపోరు, దాని ఫలముగ మాచెర్లవారికి ప్రాప్తించిన వనవాసము, తుదకు నాగులేటి యొడ్డున కారెంపూడి రణరంగము - ఈ కథ శ్రీనాథుని పేర వెలసిన వీరచరిత్ర వలనను, వీరవిద్యావంతుల గానము వలనను తెలుగునాట నెల్లెడల వ్యాపించినది. 1911లో అక్కిరాజు ఉమాకాంతముగారు ఆ గ్రంథమును ప్రకటించిన పిదప పండితుల దృష్టియు దానిపై ప్రసరించినది. బరిలో పోరాడిన కోడికి ఇట్లు కావ్యగౌరవము లభించినది. అదే యింట పొయ్యిప్రక్కన పరుండిన పిల్లికి మాత్రము చరిత్రలో చోటు దక్కలేదు. కోడి పురుషుల పౌరుషమునకు సంబంధించినది. పిల్లి స్త్రీల వంటయింటికిని, పిల్లల యాటలకును సంబంధించినది. ఈ యుపేక్షకు కారణమదియే యని నా తలంపు.

ఈ విషయమున మన కాధారములేవి? శాసనములు భూదానములను, విజయములను చెప్పును గాని యింటిలో ఉట్టిమీది పాలను ఎవరు త్రాగిరో చెప్పవు. కావున శాస్త్రవాఙ్మయము, గృహసామగ్రి, నుడికారము అను మూడింటిని మనము పరిశీలింపవలసి యున్నది. వీనిలో మూడవదియే మిక్కిలి విలువైనదని ఈ వ్యాసమున నిరూపింప యత్నింతును.

పిల్లి మనుష్యుని చేరుట ధాన్యసంచయముతో ముడిపడిన విషయము. సైప్రసు ద్వీపమున సుమారు 9,500 ఏండ్లనాటి సమాధిలో మనుష్యుని చెంత పిల్లిని గూడ పూడ్చియుండుట బయల్పడినది. ఈ విషయము 2004లో ప్రకటితమైనది. నేటి పెంపుడు పిల్లులు పశ్చిమాసియా, ఉత్తరాఫ్రికా ప్రాంతముల అడవిపిల్లి సంతతివని జన్యుశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. మన పొలములలో తిరుగాడు జంగపిల్లి వేరొక జాతి. మన దేశము మాటకు వచ్చినచో, సింధు నాగరికతకు చెందిన చన్హుదారోలో మెకే పండితుడు 1935-36లో జరిపిన త్రవ్వకములలో ఒక యిటుక దొరకినది. అది ఆరకముందే దానిపై పిల్లియొకటి పరుగెత్తగా, దానివెంట కుక్కయు పరుగెత్తినట్లు అడుగుజాడలు నిలిచియున్నవి. రాజుల పేరులే తెలియని ఆ నగరమున ఒక పిల్లి పడిన భయము మాత్రము మనకు తెలిసినది!

సంస్కృత వాఙ్మయమున పిల్లికి మంచిపేరు లేదు. మహాభారత శాంతిపర్వమున వలలో చిక్కిన లోమశుడను పిల్లిని పలితుడను ఎలుక విడిపించును గాని, ఆపద గడచిన పిదప దాని స్నేహమును నమ్మదు. హితోపదేశములోని దీర్ఘకర్ణుడు జరద్గవమను ముసలిగ్రద్దను వంచించి దాని మరణమునకు కారణమగును. మహాబలిపురపు శిల్పమున తపస్సు చేయు పిల్లిని చూచి నవ్వనివారుండరు. అయినను శబ్దకోశము దానికి న్యాయము చేసినది. అమరసింహుడు చెప్పిన పేరులలో 'మార్జారము' శుభ్రపరచుకొనుట యను అర్థముగల ధాతువునుండి పుట్టినది. 'ఓతువు' అను వేరొక పేరు వ్యాకరణ విద్యార్థులకు 'స్థూలోతువు' అను వైకల్పిక సంధి రూపమున పరిచితమే. గురుశిష్యుల నడుమ పిల్లి నడచినచో ఒక యహోరాత్రము అనధ్యయనమని మనుస్మృతి విధించినది. ఈ విధిని బట్టి చూడగా, గురుకులములలో పిల్లులు తిరుగాడుచుండెననియు, శిష్యులు వాని రాకకై యెదురుచూచి యుందురనియు ఊహించుట తప్పుగాదు. పిల్లిని చంపుటకు ప్రాయశ్చిత్తమును గూడ ఆ స్మృతియే చెప్పినది. నమ్మదగని జంతువే యైనను చంపదగినది కాదని పూర్వుల నిర్ణయము.

ఇక పల్నాటికి వత్తము. ఇది నాపరాళ్ల సీమ. జొన్న, సజ్జ ప్రధానాహారముగా నుండిన సీమ. పాములకును తేళ్లకును పేరుపడినట్లు శ్రీనాథునికి ఆరోపింపబడిన చాటువులే చాటుచున్నవి. వర్షాధారపు సేద్యమగుటచే పండిన యేట దాచుకొనినదే పండని యేటికి దిక్కు. గాదెలలోను, నేలలో త్రవ్విన పాతరలలోను ధాన్యమును దాచెడివారు. ధాన్యమున్నచోట ఎలుక, ఎలుక యున్నచోట పాము. పిల్లి ఎలుకను పట్టుటయే గాక, ఎలుకకై వచ్చు పామును గూడ పరోక్షముగ దూరము చేయును. అనగా ఈ సీమలో పిల్లిని పెంచుట విలాసము కాదు, ప్రాణరక్షణోపాయము.

ఆ కాపలాకు జీతము పాలు. తగవంతయు ఇచ్చటనే పుట్టినది. పిడకల దాలిపై రోజంతయు కాగిన పాలు మీగడ కట్టుచుండగా పిల్లి చూపు దానిమీదనే నిలుచును. ఇంటి దూలమునకు వ్రేలాడిన ఉట్టి ఈ తగవునకు మనవారు కనిపెట్టిన పరిష్కారము. పిల్లి శాపములకు ఉట్లు తెగవను సామెత పిల్లి నిరాశను చెప్పుచున్నట్లు తోచును గాని, అందు ఇల్లాలి విజయగర్వము గూడ కలదు. తెనాలి రామకృష్ణుని పిల్లికథను గూడ ఈ దృష్టితో చదువవలెను. అది చరిత్ర గాదు, జనశ్రుతి. పిల్లిని పెంచుటకై రాజు ఆవు నిచ్చుట, రామకృష్ణుడు కాగిన పాలతో పిల్లిమూతి కాల్చి దానికి పాలనిన భయము కలిగించుట, ఆ పాలను తన కుటుంబమే వాడుకొనుట - ఇందలి హాస్యమునకు అడుగున ఒక ప్రశ్న కలదు: కొఱత యున్న యింట పాలు ఎవరివి? బిడ్డవా, పిల్లివా?

పల్నాటి యిండ్లలో ఈ ప్రశ్న వేళాకోళము గాదు. కుక్క యజమాని మేలు కోరుననియు, పిల్లి యింటివారి కన్నులు పోవలెనని కోరుననియు పెద్దలు చెప్పుట మనము వినియున్నాము. ఇంటివారు గుడ్డివారైనచో కంచములోనిది తానే తినవచ్చునట! ఇది పిల్లిపై వేసిన నింద. అయినను ఇట్లు నిందించినవారే పిల్లి యీనినపుడు పాతగంపలో గుడ్డపేలికలు పఱచిరి. అది పిల్లలను నోట కఱచుకొని ఏడిండ్లు త్రిప్పుచుండగా బిడ్డలను దూరముగ నుంచిరి. తల్లి పిల్లి కూనను తానే పట్టుకొని పోవుట చూచియే వైష్ణవాచార్యులు మార్జాలకిశోర న్యాయమును చెప్పిరి. కోతిపిల్ల తల్లిని పట్టుకొనును. పిల్లికూనను తల్లియే పట్టుకొనును. శరణాగతునికి భగవంతుడట్టివాడని తెంగలై సంప్రదాయము. మాచెర్ల చెన్నకేశవుని కొలుచు సీమలో ఈ న్యాయము పండితులకే గాక పామరులకును సుబోధమగుట కారణము, ఆ దృశ్యము ప్రతి యింటి మూలను కానవచ్చుటయే.

నుడికారమున నాకు మిక్కిలి ముఖ్యముగా తోచినది 'పొయ్యిలో పిల్లి లేవలేదు' అనునది. ఇంట పొయ్యి రాజలేదనియు, తినుటకేమియు లేదనియు దీని భావము. రాత్రి చల్లారిన పొయ్యిలో వెచ్చని బూడిదపై పిల్లి పరుండును. ఉదయమున ఇల్లాలు నిప్పు వేయవచ్చినపుడు లేచిపోవును. లేవలేదనగా నిప్పు వేయలేదని. ఈ చిన్నమాటలో మూడు చారిత్రకాంశము లిమిడియున్నవి. మొదటిది, పిల్లి కలవారి యింటనే గాక నిరుపేద యింటను ఉండెడిది. రెండవది, దాని పడక పొయ్యియే. మూడవది, పిల్లికి నిద్రాభంగము కాకపోవుట యింటివారికి ఆకలి. ఒకరి సుఖము వేరొకరి దుఃఖమునకు కొలమానమైనది.

1832-33లో వచ్చిన నందన కరవు గుంటూరు మండలమును పాడుచేసినది. మరణించినవారు లక్షకు మించిరి. 1876-78లో ధాత కరవు మరల విజృంభించినది. ప్రభుత్వపు పత్రములలో మృతుల లెక్కలు కలవు, శిస్తు బకాయిల లెక్కలు కలవు. ఆకలిగొన్న ఇల్లాలు ప్రొద్దుననే పొయ్యివైపు చూచి యేమి కన్నదో ఆ పత్రములలో లేదు. ఈ నుడికారము ఏ కరవున పుట్టినదో నిర్ణయింప వీలులేదు గాని, అది చెప్పు దృశ్యము అట్టి కాలముల నాటిదే.

ఇచ్చట స్వానుభవమును ఒకదానిని చెప్పుట క్షంతవ్యమని భావింతును. గురజాల ప్రాంతమున మా మాతామహి యింట ఒక బూడిదవన్నె పిల్లి యుండెడిది. ఆమె తెల్లవారుజామున పొయ్యి అంచును పుల్లతో తట్టి, "లేవవే, ప్రొద్దెక్కినది" అనెడిది. పిల్లి లేచి ఒళ్లు విఱుచుకొనిన పిదపనే నిప్పు వేసెడిది. ఎలుకలకు పెట్టిన మందును తిన్న ఎలుకను తిని ఆ పిల్లి యొకనాడు చనిపోయినది. వేపచెట్టు క్రింద గొయ్యి త్రవ్వి పూడ్చితిమి. మఱునాటి యుదయమున మా అమ్మమ్మ అలవాటుచొప్పున పొయ్యిని తట్టి, కొంతసే పూరకుండి, పిదప నిప్పు వేసినది. ఆ దినమున పొయ్యి రాజినది, వంట అయినది. అయినను పొయ్యిలో పిల్లి లేవలేదు. ఆ మాటకు అట్టి అర్థమును గూడ కలుగునని నిఘంటువు నాకు నేర్పలేదు.

1967లో నాగార్జునసాగరు కుడికాలువకు నీరు వచ్చినది. జొన్నచేల స్థానమున పలుచోట్ల వరి పండినది. క్రమముగ పాతరలు పూడిపోయినవి. మట్టిపొయ్యి స్థానమును గ్యాసు పొయ్యి ఆక్రమించినది. పాలు శీతల యంత్రమును చేరినవి. ఉట్టి కృష్ణాష్టమి నాటి యాటలో మిగిలినది. 2022లో నరసరావుపేట ముఖ్యపట్టణముగ పల్నాడు జిల్లా యేర్పడినది. పిల్లి నేడును ఇండ్లలో కలదు గాని, అది నిద్రించిన పొయ్యి లేదు. నేటి విద్యార్థి ఆ నుడికారమును చదివి, పిల్లి పొయ్యిలో నెట్లుండునని అడుగుచున్నాడు. మా తరగతిలోనే ఈ ప్రశ్న నాకెదురైనది.

1868లో కార్ దొర తెలుగు సామెతలను వేలకొలది సేకరించి ముద్రించెను. ఆయన మాటలను కాపాడెను; వానివెనుక నున్న వస్తువులను, అలవాట్లను కాపాడుట మన పని. నరసరావుపేట, మాచెర్ల, గురజాల ప్రాంతముల నుండి వచ్చిన పరిశోధక విద్యార్థులు తమ యిండ్లలోని వృద్ధ స్త్రీలను కలిసికొని, ఉట్టి, దాలి, గాదె, పాతర, పొయ్యి - వీనిని గూర్చిన మాటలను, పెంపుడు జంతువులను పిలుచు పిలుపులను వ్రాసికొనవలెను. కోడిపోరును పాడుటకు వీరవిద్యావంతులున్నారు. పొయ్యి కథను చెప్పగలవారు ఆ వృద్ధులు మాత్రమే. వారి సంఖ్య ఏటేట తగ్గుచున్నది.