పాలుంటేనే తోడు

సెలవులొస్తే బెంగుళూరు ప్రయాణం మా అనంతపురం ఇళ్లల్లో మామూలే. మాకు హైదరాబాదు కంటే బెంగుళూరే దగ్గర. అక్కడ ఒక మరిదో, ఆడపడుచో లేని ఇల్లు మా వీధిలో లేదంటే నమ్మండి. వానలు తప్పినప్పుడల్లా ఒక్కో మనిషీ అటు జారిపోయి, మొదట పని అనీ, తర్వాత పిల్లల చదువులనీ అక్కడే నిలిచిపోయారు. మా మరిదీ అంతే. మూడేళ్లు వరసగా వేరుశనగ ఎండిపోయాక మూటాముల్లె సర్దుకున్నాడు.

పోయిన వేసవిలో వెళ్లినప్పుడు పిల్లలు లాల్‌బాగ్ వద్దన్నారు. విమానాల మ్యూజియం చూడాలన్నారు. "ఎగరని విమానాలను చూసేదేముంది రా?" అని అత్తమ్మ సాగదీసింది గానీ, అందరికంటే ముందు చెప్పులేసుకున్నదీ ఆమే.

పాత విమానాశ్రయానికి దగ్గర్లో ఉంది ఆ మ్యూజియం. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వాళ్లు 2001లో పెట్టారు. లోపల 1940 నుంచి దశాబ్దాల వారీగా ఫొటోలు, బయట చెట్ల మధ్య అసలు విమానాలు. కన్నడం, తెలుగు కలగలిపి ఒకాయన పిల్లలను చుట్టూ చేర్చుకుని కథ చెబుతున్నాడు. మేమూ చేరిపోయాం.

ఆ కథ భలేగా ఉంది సుమండీ. వాల్‌చంద్ హీరాచంద్ అనే వ్యాపారి 1939లో విమానంలో పోతూ ఒక అమెరికా ఆయనతో మాటలు కలిపాడట. ఆయన పేరు పాలీ, విమానాల వ్యాపారం. ఆ పిచ్చాపాటీలోంచే మన దేశంలో విమానాల ఫ్యాక్టరీ అన్న ఆలోచన పుట్టింది. మైసూరు సంస్థానం చేయి కలిపింది. అప్పటి దివాను మీర్జా ఇస్మాయిల్. 1940 డిసెంబరులో కంపెనీ మొదలైంది, మరుసటి ఏడే మొదటి విమానాన్ని బిగించారు. ఇంతా చేస్తే యుద్ధం అయిపోయాక విమానాల పని తగ్గి, అదే ఫ్యాక్టరీ రైలు పెట్టెలు చేసిందట! పెళ్లిళ్లు లేని నెలల్లో వంటాయన మిఠాయి కొట్టు పెట్టుకున్నట్టుంది కదూ?

మళ్లీ రెక్కలు మొలిచాయి. మనవాళ్లే, ఘాటగే గారి ఆధ్వర్యంలో, గీసి కట్టిన శిక్షణ విమానం హెచ్‌టి-2 1951 ఆగస్టులో ఎగిరింది. పదేళ్లకు, 1961 జూన్ 17న యుద్ధవిమానం 'మారుత్' లేచింది. దాన్ని రూపొందించింది జర్మనీ నుంచి వచ్చిన కుర్ట్ టాంక్.

"మారుత్ అంటే?" అన్నాడు మా వాడు.

"గాలి దేవుడు రా. మన కసాపురం ఆంజనేయస్వామి మారుతి కాదూ, ఆయన తండ్రి పేరే" అని అత్తమ్మ ఆ విమానం ముందు చేతులు జోడించింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, నవ్వితే నవ్వనీ.

పాపం, ఆ మారుత్‌కి ఒంటికి తగ్గ ఇంజను దొరకలేదట. ఆకారం ధ్వనిని మించి పోయేందుకు గీసిందే, ఇంజనుకు మాత్రం అంత బలం లేదు. అయినా 1971 యుద్ధంలో రాజస్థాన్ ఎడారి మీద అది బాగానే పోరాడింది. మొదటిసారి దాన్ని ఎగరేసిన సురంజన్ దాస్ గారు 1970 జనవరిలో, మరింత బలమైన మారుత్‌ను పరీక్షిస్తూ కూలి చనిపోయారు. మేము బస్సులో వచ్చిన దారికి ఆయన పేరే పెట్టారని అప్పుడు తెలిసింది. ఎన్నిసార్లు ఆ బోర్డు చదివానో, మనిషెవరని ఒక్కసారైనా అడిగానా!

తర్వాత పిల్లలు బొమ్మ విమానం నడిపే యంత్రం దగ్గర వరసలో నిలబడ్డారు. "ఆడపిల్లలు నడుపుతారా?" అని మా వాడు చెల్లెల్ని వెక్కిరించాడు. నాకు ఒళ్లు మండింది. 1936లోనే సరళా ఠక్రాల్ అనే ఇల్లాలు, ఇరవయ్యొక్కేళ్ల వయసులో, చీర కట్టుకునే జిప్సీ మాత్ విమానం ఎగరేసింది. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో ప్రేమ్ మాథుర్‌ను ఎన్నో కంపెనీలు ఆడమనిషని వెనక్కి పంపితే, మన హైదరాబాదు దక్కన్ ఎయిర్‌వేస్ ఉద్యోగమిచ్చింది. ఇదంతా అక్కడే వాడికి అప్పజెప్పాను. మావారు మాట్లాడకుండా పల్లీలు తిన్నారు.

కథ ముగిసేముందు ఆ చెప్పే ఆయన 'బసంత్' అనే విమానం సంగతి ఎత్తాడు. పంటలకు పురుగుమందు చల్లేందుకని చేశారట. 1972లో మొదట ఎగిరింది, నలభైకి ఒకటి తక్కువగా తయారయ్యాయి. పంటల మాట వినగానే అత్తమ్మ ముందుకొచ్చింది.

"నాయనా, పురుగుమందు సరే. వాన కురిపించే విమానం ఏదీ? మా ఊరి మీద తిరిగిందే!"

పిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. ఎందుకంటే నేనూ చూశాను. 2003 నుంచి 2009 దాకా మన కరువు జిల్లాల మీద మేఘమథనం చేశారు. ఆ రోజుల్లో చిన్న విమానం మోత వినబడితే చాలు, మా మామయ్యగారు గొడుగు పట్టుకుని మిద్దె ఎక్కేవారు. తడుస్తానని ఆయన ఆశ.

ఆయన ఓపిగ్గా చెప్పాడు. 1946 నవంబరులో అమెరికాలో షేఫర్ అనే ఆయన విమానంలోంచి మేఘం మీద పొడి మంచు చల్లితే, అందులోంచి మంచు రాలిందట. ఆయనతో పనిచేసే వానెగట్ వెండి అయొడైడ్ కూడా అలా పనికొస్తుందని కనిపెట్టాడు. మేఘంలోని సన్నటి నీటి తుంపరలకు ఒక రేణువు దొరికితే దాన్ని పట్టుకుని పెరిగి, బరువై రాలతాయి. "కానీ మేఘం ఉండాలమ్మా. ఉత్త ఆకాశంలో ఎంత చల్లినా వాన రాదు. పడిన వానలో విమానం వాటా ఎంతో తేల్చడమూ కష్టమే."

అత్తమ్మ తలూపింది. "అర్థమైంది నాయనా. పాలుంటేనే తోడు. గిన్నె ఖాళీ అయితే మజ్జిగ చుక్క ఏం చేస్తుంది?"

ఆయన ఒక క్షణం ఆగి, "రేపటి నుంచి పిల్లలకు నేనూ ఇట్లాగే చెబుతాను" అన్నాడు.

చెట్టు నీడన పెరుగన్నం తింటుంటే అత్తమ్మ మెల్లిగా అన్నది: "మీ మామ గొడుగు పట్టుకున్న నాడు మబ్బే లేదు. ఆ సంగతి నాకు తెలుసు. ఆయనకూ తెలుసు. అయినా దించమనలేదు నేను."

మరిది తల వంచుకున్నాడు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మాది. అదీ అదను తప్పి పడుతుంది. పెనుకొండ దారిలో తిరిగి వస్తూ కొండల మీద గాలిమరలు చూశాను. ఆ గాలి దేవుడు మాకు మబ్బునైతే నిలపలేదు గానీ, కరెంటునైనా ఇస్తున్నాడు.

ఇంటికొచ్చాక పాత గొడుగు దులిపి, తలుపు వెనక తగిలించింది అత్తమ్మ. జూన్ వస్తోంది కదా!