మోకాళ్ళ నొప్పికి నీళ్ళ సంగతి ఎందుకు అడుగుతారు?

ఈసారి కొంచెం పొడుగుగానే రాస్తున్నాను, తీరిక చూసుకుని చదవండి.

మొన్న ఒక తమ్ముడు మన గ్రూపులో కోపంగా రాశాడు. మోకాళ్ళ నొప్పి అని వాళ్ళమ్మను తీసుకుపోతే, అక్కడ ఇంకా పై చదువు చదువుతున్న చిన్న డాక్టరమ్మ సూది వేయలేదంట. ఏ బోరు నీళ్ళు తాగుతారు, ఎన్నేండ్లుగా, టీ ఎన్నిసార్లు, మనవళ్ళ పళ్ళు ఎట్లున్నాయి అని పావుగంట అడిగిందంట. ఆమె అడిగిన ఆ ప్రశ్నలకు దగ్గర దగ్గర 90 ఏండ్ల చరిత్ర ఉంది. అది మన తెలుగు ఊళ్ళలోనే పుట్టిన చరిత్ర.

1930ల్లో నెల్లూరు జిల్లా పొదిలి, దర్శి వైపు (తరువాత అవి ప్రకాశం జిల్లాలో చేరినాయి) ఎద్దులు కాళ్ళు పట్టేసి నడవలేకపోతుంటే రైతులే ముందు గుర్తుపట్టినారు. మనుషులకూ అంతే. నలభై దాటేసరికి నడుము కొయ్యలాగా బిగుసుకుపోయేది. మెడ తిప్పాలంటే మనిషే తిరగాలి. అప్పటికి అమెరికాలో పళ్ళమీద గోధుమరంగు మచ్చలకు కారణం నీళ్ళలోని ఫ్లోరైడు అని 1931లో తేలి ఉంది. ఎముకల దాకా పోతుందని మన దేశంలో తేల్చింది మాత్రం మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు. షార్ట్, పండిట్, రాఘవాచారి కలిసి 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాసినారు. (ఈ పండిట్ గారే తరువాత ఐసీఎంఆర్‌కు మొదటి డైరెక్టరు అయినారు.) గిండీ స్టేషన్ మీదుగా నేను ఎన్ని వందలసార్లు పోయినానో లెక్కలేదు. ఆ పేరుకూ మన పావగడకూ ఇంత సంబంధం ఉందని రిటైరైనాక చదివి తెలుసుకున్నాను.

దీంట్లో నాకు నచ్చిన విషయం ఒకటుంది. ఈ జబ్బు మందుల షాపులో దొరకలేదు, ఆపరేషన్ బల్లమీదా దొరకలేదు. ఒక ఊళ్ళో ఉండి పక్క ఊళ్ళో లేకపోతే తేడా ఏమిటి, వీళ్ళు ఏ బావి నీళ్ళు తాగుతారు, కోడలై వచ్చిన ఆడమనిషికి ఎన్నేండ్లకు మొదలైంది అని విచారిస్తేనే చిక్కే జబ్బు ఇది. అడగని డాక్టరుకు ఇది వట్టి కీళ్ళవాతం.

అప్పట్లో మన పావగడ మైసూరు సంస్థానం కింద ఉండేది. దాదాపు చుట్టూ మద్రాసు ప్రెసిడెన్సీ అనంతపురం జిల్లా. తాలూకా సరిహద్దు రాళ్ళు మనుషులు పాతినవి, భూమిలోపలి గ్రానైట్ రాతికి అవి తెలియవు. ఆ రాతిలోని ఫ్లోరైడు నీళ్ళలో కరుగుతుంది. నీళ్ళు రాతిలో ఎంత ఎక్కువ కాలం నిలిచి ఉంటే అంత ఎక్కువ కరుగుతుంది. మన అవ్వల కాలంలో నాగలమడిక వాళ్ళు ఉత్తర పినాకిని ఇసుకలో చెలమ తోడుకుని కడవలు ముంచుకునేవాళ్ళు. ఏరు ఎండింది, బావులు ఎండినాయి, బోర్లు వచ్చినాయి. బోరు ఎంత లోతుకు పోతే అంత పాత నీళ్ళు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు అని లెక్క. మన తాలూకాలో దాన్ని దాటిన బోర్లు ఎన్నో.

తరువాతి కథ నల్లగొండది. అక్కడి ఫ్లోరోసిస్ గురించి సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసినారు. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు కృష్ణమాచారి, కృష్ణస్వామి, పిల్లకాయలకు మోకాళ్ళు లోపలికి వంగిపోవడం గురించి లాన్సెట్‌లో రాసినారు. కేంద్రం ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమం మొదలుపెట్టింది 2008-09లో. 1937 ఎక్కడ, 2008 ఎక్కడ! గూడ్సు బండి కూడా ఇంత లేటు రాదు. (బండి మాట వచ్చింది కాబట్టి, మన రాయదుర్గం–తుమకూరు లైను గురించి ఇంకోసారి రాస్తాను.)

డాక్టర్ల చదువు సంగతికి వస్తాను. 1946లో భోర్ కమిటీ, డాక్టరంటే జబ్బు రాకుండా చూసేవాడు కూడా అయి ఉండాలని, చదువులో మూడు నెలలు నివారణ వైద్యం నేర్పాలని చెప్పింది. కాగితం మీద బాగానే ఉంది. కానీ చదివినవాళ్ళంతా గుండె, ఎముక, కన్ను అని స్పెషలిస్టులైపోయినారు. ఇంటిల్లిపాదినీ చూసే డాక్టరుకు ప్రత్యేకంగా ఎండీ ఫ్యామిలీ మెడిసిన్ అని కోళికోడ్ ప్రభుత్వ కాలేజీలో మొదలైంది. 2019 నుంచి ఎంబీబీఎస్ పిల్లలకు రోగితో ఎట్లా మాట్లాడాలనేది కూడా పాఠమే. ఆ తరువాత ఒక్కో విద్యార్థి పల్లెలో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని చదువుకునే కాలంలో చూడాలని పెట్టినారు. మనల్ని విసిగిస్తున్నట్టు అనిపించే ఆ ప్రశ్నలు ఈ చదువులోవే.

అయితే మాట్లాడటం అంటే భాష కదా. నా బడి చదువంతా అరవం, ఇంట్లో తెలుగు, ఉద్యోగంలో ఇంగ్లీషు, హిందీ ఫారాలు. కౌంటర్ దగ్గర "కొండకు ఒక టికెట్ సామీ" అంటే తిరుపతి అని మనకు తెలుసు, కొత్తగా వచ్చిన క్లర్కుకు తెలియదు. మన ముసలోళ్ళు "నడుము పట్టేసింది, కాళ్ళు జోము ఎక్కినాయి" అంటే, మైసూరు వైపు నుంచి వచ్చిన పిల్ల డాక్టరు ఏమని రాసుకోవాల? కన్నడంలో అడిగితే అవ్వ "ఊ" అంటుంది, అంతే. ప్రశ్న బాగున్నా జవాబు రాదు. వాళ్ళు వచ్చినరోజు మనలో ఒకరు పక్కన కూర్చుని రెండు వైపులా చెప్పాల. కోపం తెచ్చుకునే టైములో ఈ పని అయిపోతుంది.

ఇంకో సంగతి, డాక్టర్లకు కూడా చెప్పాల్సింది. ఆర్.ఓ. నీళ్ళు తెస్తున్నాం కదా అని చాలా ఇండ్లలో ధైర్యం. తాగేది ఆ నీళ్ళే, కానీ అన్నం, పప్పు, సంగటి, టీ అన్నీ బోరు నీళ్ళతోనే. ఫ్లోరైడు కాచినా పోదు, నీళ్ళు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది. "ఏ నీళ్ళు తాగుతారు" అని మాత్రమే అడిగితే "క్యాను నీళ్ళు" అని జవాబొస్తుంది, డాక్టరు రాసుకుని పోతాడు. "దేంతో వండుతారు" అని కూడా అడగాల. పిల్లకాయలకు ఎనిమిదేండ్ల లోపలే, చిగురు కింద పళ్ళు తయారయ్యేటప్పుడే మచ్చ పడిపోతుంది. తరువాత నీళ్ళు మార్చినా ఆ మచ్చ పోదు. రాగులు, పాలు, మునగాకు, ఉసిరికాయ పెడితే కొంత మేలు.

ఇంట్లో మీరే చూసుకోవచ్చు. నిలబడి మోకాళ్ళు వంచకుండా నేల అందుతుందా, గడ్డం రొమ్ముకు తగులుతుందా, రెండు చేతులూ చాచి మడిచి తల వెనక పెట్టుకోగలరా. ఈ మూడింటిలో ఏది కష్టమైనా డాక్టరుకు ముందు ఆ మాటే చెప్పండి.

మీ వీధి బోరు ఏ సంవత్సరం వేసినారు, ఎన్ని అడుగులు, ఎన్ని ఇండ్లు వాడుతున్నారు, ఎప్పుడైనా నీళ్ళు పరీక్షకు పంపినారా, తెలిసినంత వరకు నాకు పంపండి. పాత అలవాటు కొద్దీ రిజిస్టరు గీసి పెట్టుకున్నాను. పుష్యమాసం సుబ్రహ్మణ్యస్వామి తేరు లోపల నింపి, ఈసారి వచ్చే పిల్ల డాక్టర్ల చేతిలో పెడదాం.