ఘోషా పద్ధతియు స్త్రీవిద్యయు

పరదా పద్ధతికి మన తెలుగువారు వాడు 'ఘోషా' యను మాట పారసీక భాషలోని 'గోషా'. దాని యర్థము మూల. మూలగదిలో మరుగుననుండు స్త్రీ గోషాస్త్రీ. మన నోట ఆ గకారము ఘకారమై, సంస్కృతమున ధ్వనిని దెలుపు 'ఘోష'తో గలిసిపోయినది. మౌనముగా మూల గూర్చుండుటకు ఘోషయను పేరు గలుగుట యాదృచ్ఛికమే. కాని యీ యాచారపు చరిత్రను జదువువారికి ఆ పేరు తగియున్నదనియే తోచును.

ఇది కేవలము మహమ్మదీయుల యాచారమని మనలో బలువురు తలచుచున్నారు. అది సరికాదు. పూర్వపు విశాఖపట్టణ మండలమున జమీందారీ కుటుంబములలోను, క్షత్రియ గృహములలోను హిందూస్త్రీలును ఘోషా పాటించిరి. తెలుగు మాటాడు దూదేకులవారు మహమ్మదీయులే యైనను, వారి స్త్రీలు చీరగట్టి, మగవారితోపాటు పనిచేసి, ఘోషా యెరుగక జీవించిరి. మా కొండకర్ల ఆవ చుట్టునున్న పొలములలో నాట్లు నాటు స్త్రీకి, ఆమె ఏ మతస్థురాలైనను, మూలగది యెక్కడిది? కావున ఘోషా మతమునకంటె కలిమికే యెక్కువ గురుతుగా నుండెను. ఖురానునందు సైతము చూపు దించుకొనవలెనను నియమము మొదట పురుషులకును, పిమ్మట స్త్రీలకును జెప్పబడినది. సంఘము మొదటిదానిని మరచి, రెండవదానిని గోడగా గట్టినది.

ఆ గోడకు మూల్యము స్త్రీల ప్రాణములు. మగవైద్యుని లోనికి రానీయని యిండ్లలో బాలింతలు పడు బాధలను మదరాసున విని, మేరీ షార్లీబు అను ఆంగ్లవనిత 1875లో అచ్చటి వైద్యకళాశాలలో జేరెను. ఆమె పూనికచేత 1885లో ఘోషాస్త్రీలకొరకు ప్రత్యేకముగా నాసుపత్రి వెలసినది. విశాఖపట్టణమునందలి విక్టోరియా స్త్రీల యాసుపత్రిని జనులు నేటికిని ఘోషాసుపత్రి యనియే పిలుచుచున్నారు. ముందు ముసుగు తీసిన పిమ్మటనే మందిత్తుమని ఆ యాసుపత్రులు నియమము పెట్టలేదు. రోగి యెట్లు రాగలదో అట్లే రానిచ్చినవి.

హైదరాబాదునందు విద్యయు నీ త్రోవనే నడచినది. 1907లో మహబూబియా బాలికల పాఠశాలయు, 1924లో స్త్రీల కళాశాలయు నేర్పడినవి. ఘోషా విడువకయే బాలికలు చదువుకొనిరి. ఆ నగరమున మొదటగా ఘోషా విడిచినవారిలో నొకరుగా పేర్కొనబడు సుఘ్రా హుమాయూన్ మీర్జా (1884-1958) పత్రికలు నడపి, 1934లో సఫ్దరియా బాలికల పాఠశాలను స్థాపించెను. మాసూమా బేగము 1952లో శాసనసభకు ఎన్నికై, 1960లో ఆంధ్రప్రదేశ మంత్రి యయ్యెను. వీరి ముసుగును ఏ రాజభటుడును లాగివేయలేదు.

ఇరానుదేశమున నిందుకు విరుద్ధముగా జరిగినది. 1936లో రెజా షా ముసుగును నిషేధింపగా, భటులు వీధులలో దానిని లాగివేసిరి. అవమానమునకు వెరచి యెందరో స్త్రీలు ఇల్లు కదలుట మానిరి. 1979 విప్లవానంతరము ప్రభుత్వమే తలగుడ్డను నిర్బంధము చేసినది. అది సరిగా లేదని 2022 సెప్టెంబరులో పట్టుబడిన మహసా అమీనీ, 22 ఏండ్ల యువతి, మూడునాళ్లకు మరణించెను. ఒకడు తీయించెను, మరియొకడు కప్పించెను. అడుగబడనిది ఆమె యిష్టమే. అదే 2022లో కర్ణాటకమున తలగుడ్డ కారణముగా కొందరు బాలికలు కళాశాల గడపవెలుపల నిలువవలసివచ్చెను. ఆ వివాదముపై అక్టోబరు 13న సర్వోన్నత న్యాయస్థానమున ఇరువురు న్యాయమూర్తులు భిన్నముగా తీర్పు చెప్పిరి.

సంస్కరణాభిలాషులగు మన గృహస్థులు కొందరు, ముసుగు తొలగనిదే చదువు ఫలింపదందురు. చరిత్ర దీనికి మారుగా జెప్పుచున్నది. మాసూమా బేగమునకు మంత్రిపదవి యిచ్చినది చదువుగాని భటుని చేయి కాదు. చదివిన స్త్రీ తన ముసుగును విడుచునో, ఉంచుకొనునో, ఆ నిర్ణయ మామెది. ముసుగుతో వచ్చిన బాలికకు బడి తలుపు మూసినచో, ఆమెను మరల ఆ మూలగదికే పంపినవారమగుదుమని మా యభిప్రాయము.