మేఘాల బొమ్మ చదవడం

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేనాటికి మా బందరులో తుపాను కబురంటే రేడియో వార్త, రేవులో ఎగరేసే ప్రమాద సూచిక, అంతే. ఆకాశం నుంచి తీసిన మేఘాల బొమ్మ మామూలు జనం కంటబడింది ఇన్సాట్-1బి వచ్చాకే. 1983 ఆగస్టు 30న అమెరికా షటిల్ ఛాలెంజర్ దాన్ని మోసుకెళ్లింది. దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఎప్పుడూ ఒకేచోట నిలిచి చూసే ఆ ఉపగ్రహం పంపిన చిత్రాలు క్రమంగా దూరదర్శన్ వార్తల్లోకి వచ్చాయి.

నేను సైన్సు మాస్టారిని కనుక వీధిలో అందరూ నన్నే అడిగేవారు: "తెల్లగా కమ్మేసింది, రేపు వానేనా మాస్టారూ?" తెల్లగా ఉన్నంత మాత్రాన వాన కాదని నచ్చజెప్పడమే కష్టం. పరారుణ చిత్రంలో తెలుపు చలిని చెబుతుంది, నీటిని కాదు. ఎత్తున పల్చగా సాగే మంచు మేఘమూ అందులో తెల్లగానే ఉంటుంది. అదే వేళకు మామూలు వెలుతురులో తీసిన చిత్రం పక్కన పెడితే గుట్టు బయటపడుతుంది. పల్చటి మేఘంలోంచి కోస్తా గీత కనిపిస్తుంది. ఉరుముల మేఘమైతే రెండింటిలోనూ దట్టమైన తెలుపే. కిందుగా పరుచుకున్న మేఘం మొదటిదాంట్లో బూడిదరంగు, రెండోదాంట్లో తెలుపు.

తుపాను బలాన్ని మేఘాల ఆకారం నుంచే అంచనా కట్టే పద్ధతిని 1970లలో అమెరికాలో వెర్నన్ డ్వొరాక్ రూపొందించాడు. చుట్టలు ఎంత బిగిశాయి, కన్ను ఏర్పడిందా అని చూసి 1 నుంచి 8 వరకు 'టి' సంఖ్య ఇస్తారు. మన వాతావరణ శాఖ కూడా ఆ పద్ధతే వాడుతుంది.

1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటిన తుపానును ఇన్సాట్ ముందే పట్టింది. లక్షమందికి పైగా జనాన్ని తరలించారు. 77 తర్వాత కట్టిన రక్షణ భవనాలూ ఆదుకున్నాయి. నాడు పదివేల మంది దాకా పోతే, ఈసారి మృతులు వెయ్యి లోపే.

ఇప్పుడు చిత్రాలు ఫోన్లోకే వస్తున్నాయి, రంగులతో సహా. ఎరుపు చూసి హడలిపోయే కుర్రాళ్లకు నేను చెప్పేది ఒకటే: రంగు తర్వాత, ముందు మూలనున్న తేదీ, టైము చూడండిరా. 00 యూటీసీ అంటే మనకు ఉదయం ఐదున్నర. సగం పుకార్లు అక్కడే తేలిపోతాయి.