మేకల టీకా ఆవులకు ఎందుకు వేశారు?

ముద్దచర్మ వ్యాధి, అంటే లంపీ స్కిన్, మన దేశంలో మొదట 2019 ఆగస్టులో ఒడిశాలో బయటపడింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు అది పక్క రాష్ట్రమే. 2022లో రాజస్థాన్, గుజరాత్‌లలో వేలాది పశువులు చనిపోయాయి. అప్పుడు ఆవులకు వేసింది మేకల మశూచి టీకా. మేకల మందు ఆవుకు పనిచేస్తుందా అన్న అనుమానం రావడం సహజమే.

చుట్టాల వైరస్‌లు

గొర్రె మశూచి, మేక మశూచి, ముద్దచర్మ వ్యాధుల వైరస్‌లు మూడూ ఒకే ప్రజాతికి చెందినవి. వాటి జన్యువులు చాలావరకు ఒకేలా ఉంటాయి. అందుకే ఒకదాని టీకాతో వచ్చిన రోగనిరోధక శక్తి మరోదాన్ని కూడా కొంతవరకు అడ్డుకుంటుంది.

జంతువు మారితే లెక్క మారుతుంది

ఈ వైరస్ ఆవులను గట్టిగా దెబ్బతీస్తుంది. గేదెల్లో ప్రభావం తక్కువ. మేకలకు, గొర్రెలకు సాధారణంగా రాదు. టీకా కూడా అంతే: మేకకు సరిపోయే డోసు ఆవుకు చాలదు, ఎక్కువ ఇవ్వాలి. అందుకే ఆవులకంటూ సొంత టీకా అవసరమైంది. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం, ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ కలిసి, 2019లో రాంచీ పశువుల నుంచి తీసిన వైరస్‌ను ల్యాబ్‌లో పదేపదే పెంచి బలహీనపరిచాయి. ఆ టీకా పేరు లంపి-ప్రోవాక్‌ఇండ్. 2022 ఆగస్టు 10న విడుదలైంది.

ముర్రుపాలతో వచ్చే రక్షణ

మనిషి బిడ్డకు తల్లి కడుపులో ఉండగానే ఆమె యాంటీబాడీలు అందుతాయి. దూడకు, మేకపిల్లకు అలా అందవు, ముర్రుపాలతోనే రావాలి. పుట్టిన ఒక రోజు దాటితే వాటి పేగులు ఆ యాంటీబాడీలను దాదాపు పీల్చుకోలేవు. కాబట్టి జున్ను తర్వాత, ముందు దూడ కడుపు నిండాలి. ఇదే రక్షణ కొన్ని నెలల పాటు టీకాకు అడ్డు కూడా పడుతుంది. టీకా వేయించిన తల్లి దూడకు ఎప్పుడు వేయాలో డాక్టర్ లెక్క చూసి చెబుతారు.

ఇంట్లో గుర్తుంచుకోవాల్సింది

ముద్దచర్మ వ్యాధి మనుషులకు సోకదు. అయినా పాలు కాచి తాగడమే మంచిది. బక్రీద్ కోసం మేకను ముందే కొని పెంచే ఇళ్లవాళ్లు పారుడు రోగం టీకా వేయించారో లేదో అడగాలి. ఆవుకు వేయగా మిగిలిన మందును మేకకు సొంతంగా వేయకూడదు. ఏ జంతువుకు ఏ టీకా, ఎంత డోసు అన్నది పశువైద్యుడే చెప్పాలి.