షెరీఫ్ కింద ఎన్ని దళాలో!

2025 జులై 18 ఉదయం లాస్ ఏంజెలెస్ కౌంటీ షెరీఫ్ శాఖ శిక్షణ కేంద్రంలో పేలుడు జరిగి ముగ్గురు డిప్యూటీలు చనిపోయారు. ముగ్గురూ పేలుడు పదార్థాల విభాగం వాళ్లే. శాంటా మోనికాలో ఒక అపార్ట్‌మెంట్ల సముదాయంలో దొరికిన రెండు గ్రెనేడ్లను ఎక్స్‌రే తీసి, పనికిరానివేనని నమ్మి తెచ్చారు. వాటిలో ఒకటి పేలింది. ఒకే ఘటనలో తమవాళ్లు ఇంతమంది చనిపోవడం 1857 తర్వాత ఇదే మొదటిసారని షెరీఫ్ రాబర్ట్ లూనా చెప్పాడు.

మనకు 1857 అంటే మీరట్, ఢిల్లీ. లాస్ ఏంజెలెస్‌కు ఆ ఏడాది అంటే హువాన్ ఫ్లోరెస్.

శాన్ క్వెంటిన్ జైలు నుంచి తప్పించుకున్న ఈ కుర్రాడు ఒక ముఠాను కూడగట్టి, 1857 జనవరిలో శాన్ హువాన్ కాపిస్ట్రానో ఊరి మీద పడ్డాడు. దుకాణాలు దోచుకున్నారు, ఒక జర్మన్ వ్యాపారిని చంపారు. కబురు అందగానే షెరీఫ్ జేమ్స్ బార్టన్ కొద్దిమందిని వెంటబెట్టుకుని రాత్రికి రాత్రే బయల్దేరాడు. ఇద్దరు కానిస్టేబుళ్లు, మరికొందరు ఊరివాళ్లు, అంతే అతని బలగం. దారిలో ఒక పశువుల క్షేత్రం దగ్గర ఆగినప్పుడు, ముఠా చాలా పెద్దదని, ముందుకు పోవద్దని చెప్పినా బార్టన్ వినలేదు. కొద్ది మైళ్లు పోయాక చుట్టుముట్టారు. బార్టన్‌తో కలిపి నలుగురు చనిపోయారు. మిగిలినవాళ్లు గుర్రాలు తోలుకుని ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చోటు ఇప్పుడు ఆరెంజ్ కౌంటీలోకి పోయింది. దగ్గర్లోనే పెద్ద హైవేల కూడలి ఉంది.

తర్వాత జరిగింది చూస్తే ఆ రోజుల్లో చట్టం ఎవరి చేతిలో ఉండేదో తెలుస్తుంది. ఊరు ఊరంతా ఆయుధాలు పట్టింది. పదేళ్ల ముందు శాన్ పస్క్వాల్ దగ్గర అమెరికా సైన్యాన్ని మట్టికరిపించిన మెక్సికన్ సేనాని ఆండ్రెస్ పికో ఇప్పుడు అమెరికా షెరీఫ్ హంతకుల కోసం కొండలు గాలించాడు. దొరికిన ఫ్లోరెస్ తప్పించుకున్నాడు, మళ్లీ దొరికాడు. ఫిబ్రవరి 14న జనమే అతన్ని ఉరి తీశారు. కోర్టు లేదు, శిక్ష రాసిన జడ్జీ లేడు.

ఇక్కడ షెరీఫ్ అంటే ఎవరో చెప్పుకోవాలి. ముంబయి, కోల్‌కతాల్లో ఆ పేరుతో ఉన్నది ఒక గౌరవ పదవి మాత్రమే. మన జిల్లా ఎస్పీతో పోల్చినా సరిగ్గా అతకదు, ఎందుకంటే ఎస్పీని ప్రభుత్వం వేస్తుంది, బదిలీ చేస్తుంది. కాలిఫోర్నియాలో కౌంటీ షెరీఫ్ ఓట్లడిగి గెలిచి వస్తాడు. సినిమాల్లో మనం చూసే ఎల్‌ఏపీడీ వేరు. అది నగర పోలీసు, దాని చీఫ్‌ను నియమిస్తారు. షెరీఫ్‌ది కౌంటీ అంతా. నగరాల్లో చేరని ప్రాంతాలు, కొండలు, సముద్రంలోని కాటలినా దీవి, జైళ్లు, కోర్టుల కాపలా ఆయనవే. వీటికి తోడు సొంత పోలీసును పెట్టుకోకుండా డబ్బు కట్టి షెరీఫ్ సేవలు కొనుక్కునే నగరాలున్నాయి. కౌంటీలోని 88 నగరాల్లో 42 ఇలాంటివే. 1954లో కొత్తగా నగరమైన లేక్‌వుడ్ ఈ పద్ధతి మొదలుపెట్టింది.

1850 ఏప్రిల్‌లో తొలి షెరీఫ్‌గా జార్జ్ బరిల్ గెలిచేనాటికి కాలిఫోర్నియా ఇంకా రాష్ట్రం కూడా కాలేదు. అలాంటి కొలువు ఇవాళ కోటి మంది ఉండే కౌంటీని చూసుకుంటోంది. ఇంత పెద్ద షెరీఫ్ శాఖ అమెరికాలో మరొకటి లేదు. దాని విభాగాల పట్టిక చూస్తే కళ్లు తిరుగుతాయి. హత్యలకు ఒకటి, గ్యాంగులకు ఒకటి, నిప్పు పెట్టేవాళ్లకు, బాంబులకు కలిపి ఒకటి, హెలికాప్టర్లకు ఒకటి. ఇవేవీ ఒక పథకం ప్రకారం పుట్టినవి కావు. ఒక్కో షెరీఫ్ కాలంలో ఒక్కో అవసరం, కొన్నిసార్లు ఒక్కో సరదా, ఒక విభాగమై కూర్చుంది.

సరదా అనడానికి కారణం యూజీన్ బిస్కైలూజ్. బాస్క్ రక్తం ఉన్న ఈయన 1932 నుంచి 1958 దాకా షెరీఫ్. అంతకు ముందే కాలిఫోర్నియా హైవే పెట్రోల్‌ను నిలబెట్టిన మనిషి. వెండి తొడుగుల జీను వేసిన గుర్రమెక్కి పాసడీనా రోజ్ పరేడ్‌లో ఊరేగడం ఆయనకు మహా ఇష్టం. బార్టన్ నాటి గుర్రపు దండు ఈయన చేతిలో వేడుకగా మారింది. అలాగని వేషం వేసి ఊరుకున్న మనిషి కాదు. విమానాలున్న స్వచ్ఛంద పైలట్లను శాఖ పనికి వాడుకున్నాడు, ఖైదీలు పొలం పనులు చేసుకునే ఆరుబయటి జైలు పెట్టాడు. ఆ ముగ్గురు డిప్యూటీలు చనిపోయిన శిక్షణ కేంద్రానికి ఉన్నది ఆయన పేరే.

ఆయన తర్వాత ఎఫ్‌బీఐలో పనిచేసి వచ్చిన పీటర్ పిచెస్ 1982 దాకా షెరీఫ్‌గా ఉన్నాడు. 1966లో లేక్‌వుడ్ మీద ‘స్కై నైట్’ మొదలైంది. కేంద్ర ప్రభుత్వం డబ్బిచ్చింది. ఇద్దరు పట్టే చిన్న హ్యూస్ 300 హెలికాప్టరులో ఒక పైలట్, ఒక డిప్యూటీ, కింద వీధిని పగలు చేసే లైటు.  హెలికాప్టరును వీధి బీటు కానిస్టేబులులా రోజూ తిప్పడం ఇక్కడి కొత్తదనం. దొంగ పెరడు గోడ దూకితే కింది కారుకు కనబడడు, పైనున్నవాడికి కనబడతాడు. ఆ తర్వాత అమెరికా నగరాల్లో ఎన్నో దీన్ని అందుకున్నాయి. రాత్రుళ్లు నెత్తిమీద రొద పెట్టే ఆ చప్పుడుతో లాస్ ఏంజెలెస్ పేదవాడలు ఎంత విసిగిపోయాయో మాత్రం విజయగాథల్లో రాయరు.

నాకు వీటన్నిటిలో ముచ్చటగా తోచేది కొండల్లో తప్పిపోయినవాళ్లను వెతికే రక్షణ దళాలు. శాన్ గేబ్రియల్ కొండలు నగరానికి ఆనుకునే పదివేల అడుగుల దాకా లేస్తాయి. పొద్దున చెప్పులతో నడక మొదలెట్టినవాడు సాయంత్రానికి మంచులో ఇరుక్కోవడం అక్కడ మామూలే. ఆల్టడీనా దళం 1951 నుంచి ఉంది, మాలిబు దళం 1977 నుంచి. వీటిలో ఎక్కువమంది ఇంజినీర్లు, టీచర్లు, చిన్న వ్యాపారులు. శిక్షణ పూర్తిచేసి రిజర్వ్ డిప్యూటీలుగా ప్రమాణం చేస్తారు. వీళ్లకు జీతం ఏడాదికి ఒక డాలరు. అర్ధరాత్రి పిలుపొస్తే తాళ్లు, స్ట్రెచరు సర్దుకుని లోయలోకి దిగుతారు. వీళ్ల చేతికి అందని చోటికి హెలికాప్టరు నుంచి తాడు పట్టుకుని దిగే డిప్యూటీలు స్పెషల్ ఎన్‌ఫోర్స్‌మెంట్ బ్యూరో వాళ్లు. అదే మనిషి పారామెడిక్, అదే మనిషి సముద్రపు అడుగున వెతికే గజ ఈతగాడు.

ప్రాణాలకు తెగించి ఒకరినొకరు నమ్ముకునే చిన్న జట్టులో గట్టి బంధం పుడుతుంది. అది తిరగబడితే ఏమవుతుందో కూడా ఈ శాఖ చరిత్రలోనే ఉంది.

1970లలోనే కొన్ని స్టేషన్లలో డిప్యూటీలు రహస్య కూటములుగా ఏర్పడి, ఒకే పచ్చబొట్టు పొడిపించుకోవడం మొదలైంది. లిన్‌వుడ్ స్టేషన్‌లోని ‘వైకింగ్స్’ను 1991లో ఫెడరల్ జడ్జి టెరీ హాటర్ శ్వేతజాతి దురహంకార ముఠాగా వర్ణించాడు. మరుసటి ఏడాదే శాఖ తీరుపై విచారణ జరిపిన జేమ్స్ కోల్ట్స్ నివేదిక వచ్చింది. కూటములు మాత్రం పోలేదు. అన్నిటికన్నా వింత ‘జంప్ అవుట్ బాయ్స్’ది. వీళ్లు గ్యాంగులను అణచడానికి ఏరి కూర్చిన డిప్యూటీలు. పుర్రె, తుపాకీ కలిసిన పచ్చబొట్టు వీళ్లది. ఎవరైనా కాల్పుల్లో పాల్గొంటే ఆ తుపాకీ గొట్టం నుంచి పొగ వచ్చినట్టు మరో గీత చేరేదని బయటపడింది. 2013లో ఏడుగురిని ఉద్యోగం నుంచి తీసేయడానికి శాఖ నోటీసులిచ్చింది. గ్యాంగుల పనిపట్టే విభాగంలోనే గ్యాంగు!

అది కింది స్థాయి కథ. పై స్థాయిలో ప్రత్యేక విభాగం షెరీఫ్‌కు కవచమైంది. 2011లో జైలు హింసపై ఎఫ్‌బీఐ విచారణ చేస్తోంది. తమకు రహస్యంగా సమాచారమిస్తున్న ఖైదీని ఎఫ్‌బీఐ కలుసుకోకుండా జైలు గ్యాంగుల విభాగం డిప్యూటీలు అతన్ని మారుపేర్లతో చోట్లు మార్చి దాచారు. అంతర్గత నేరాల విభాగం వాళ్లు ఎఫ్‌బీఐ అధికారిణి ఇంటికే వెళ్లి అరెస్టు చేస్తామని బెదిరించారు. షెరీఫ్ తర్వాతి స్థానంలో ఉన్న పాల్ టనాకాకు ఐదేళ్లు, షెరీఫ్ లీ బాకాకు మూడేళ్లు జైలు శిక్ష పడింది.

కొన్నేళ్లకే షెరీఫ్ అలెక్స్ విల్లనువేవా ప్రజాధికారుల అవినీతిని చూసేందుకంటూ మరో విభాగం పెట్టాడు. 2022 సెప్టెంబరులో పొద్దున్నే డిప్యూటీలు షీలా క్యూల్ ఇంటి తలుపు తట్టారు. ఆమె అప్పట్లో షెరీఫ్ బడ్జెటును మంజూరు చేసే కౌంటీ సూపర్వైజర్ల బోర్డు సభ్యురాలు, షెరీఫ్‌ను గట్టిగా విమర్శించేవారిలో ఒకరు. పౌర పర్యవేక్షణ కమిషన్ సభ్యురాలు ఒకరి ఇంటిపైనా అదే రోజు సోదా జరిగింది. ఒక కాంట్రాక్టుపై విచారణ అని శాఖ చెప్పింది. కక్ష సాధింపు అని వాళ్లు అన్నారు.

రెండు నెలలు తిరక్కుండానే ఎన్నికలొచ్చాయి. లాంగ్ బీచ్ పోలీసు చీఫ్‌గా పనిచేసిన లూనా చేతిలో విల్లనువేవా ఓడిపోయాడు. అదే బ్యాలెట్‌లో ‘మెజర్ ఏ’ అనే ప్రతిపాదన కూడా గెలిచింది. ఐదుగురు సూపర్వైజర్లలో నలుగురు ఒప్పుకుంటే, తగిన కారణం చూపించి, జనం ఎన్నుకున్న షెరీఫ్‌ను పదవి నుంచి తీసేయొచ్చు. అంతకు ముందు ఆ బోర్డుకు ఆ అధికారం లేదు.